కంగారక్కకు తోడు వెళ్ళినవాడు

దంతవైద్యుడి దగ్గర రోగులు కూర్చునే గదిలో, బెంచీకి ఎదురుగా ఉన్న గోడకు, పరదాల కొట్టాయన ఒక పొద్దున పరదా వేలాడదీసి వెళ్ళాడు. మంచి పరదా. ఆకుపచ్చ గుడ్డ, వెనక అస్తరు, పైన ఇత్తడి కమ్మీ, సమంగా పడిన కుచ్చులు. పనితనంలో వేలు పెట్టి చూపించడానికి లోపమేమీ లేదు. ఆ గోడకు కిటికీ లేదు, అంతే.

దంతవైద్యుడు కొట్టుకు ఫోన్ చేసి, "ఏమండీ, మీ పరదా వెనక గోడ ఉంది," అన్నాడు.

"ఇవాళ గోడ ఉంది డాక్టరుగారూ. రేపు కిటికీ పెట్టించుకుంటారు. అప్పటికప్పుడు పరదా కావాలంటే ఎక్కణ్ణించి వస్తుంది?" అన్నాడు పరదాల కొట్టాయన. "మనిషికి ముందు ఆశ ఉండాలండీ. కిటికీదేముంది, దానంతటదే వస్తుంది."

దంతవైద్యుడు ఆలోచనలో పడ్డాడు. బాగా చదువుకున్నవాడు కాబట్టి, తనకు అర్థం కాని మాటలో ఏదో లోతు ఉండి తీరుతుందని అతని నమ్మకం. పరదా తీయించలేదు. అది మొదలు, పంటినొప్పితో వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచి, పరదా పక్కకు జరిపి, కాసేపు గోడను చూసి, మళ్ళీ దాన్ని సరిగ్గా జరిపి వచ్చి బెంచీ మీద కూర్చునేవారు. ఎవరూ ఏమీ అనలేదు. దవడ వాచినవాళ్ళు వాదనకు దిగరు.

ఈ సంగతి తెలిసి వీధి వీధంతా నవ్వింది. కొట్టాయన భలే చమత్కారి అయ్యాడని మెచ్చుకుంది. నవ్వనిది ఒక్క కంగారక్క. కొట్టు వెనక గదిలో బల్ల ముందు నిలబడి, ఆకుపచ్చ గుడ్డ కోయగా మిగిలిన ముక్కను చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, ఆవిడ అదేపనిగా గోడ వైపు చూస్తూ ఉండిపోయింది.

కంగారక్క కొట్టాయనకు సొంత అక్క. కొలతలు ఆయన తెస్తాడు, గుడ్డ ఆవిడ కోస్తుంది. ఆవిడ అసలు పేరు ఓటర్ల జాబితాలో ఎక్కడో ఉండే ఉంటుంది, తక్కిన లోకానికి కంగారక్కే. నెలలు నిండకముందే, బయట ఏమయిపోతోందోనని తొందరపడి పుట్టేసిందని వాళ్ళమ్మ చెప్పేది. బడిలో పరీక్ష రాసొచ్చి, కాగితం మీద తన నంబరు వేశానో లేదోనని ఇంటికొచ్చాక ఏడ్చేది. పెద్దయ్యాక ఆ బెంగ తాళం మీదికి మళ్ళింది. ఇంటికి తాళం వేసి, వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి తాళాన్ని లాగి చూసేది. మళ్ళీ మలుపు దాకా వెళ్ళేది. ఇందాక లాగినప్పుడు గానీ ఊడిందేమోనని మళ్ళీ వచ్చేది. పక్కింటివాళ్ళు ఆవిడ బజారుకు బయల్దేరిందంటే అరుగు మీద కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. మనిషికి కాలక్షేపం కావాలి కదా, అది తోటి మనిషి కడుపులోని దడ అయినా సరే.

వయసులో ఉండగా ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి బుద్ధిమంతుడు. వాళ్ళమ్మా నాన్నా కూడా వచ్చి కూర్చున్నారు. అందరూ టీ తాగుతుండగా కంగారక్క తల వంచుకునే, "మీరు వచ్చేటప్పుడు పొయ్యి కట్టేశారా?" అని అడిగింది. అబ్బాయి తల్లి కప్పు కింద పెట్టింది. తండ్రి ఆమె వైపు చూశాడు. ఇద్దరూ కాస్త పని ఉందంటూ లేచారు, అబ్బాయి వాళ్ళ వెనకే లేచాడు. మళ్ళీ రాలేదు. పొయ్యి కట్టేసి ఉందో లేదో కూడా కబురు పెట్టలేదు. ఆ సంబంధం పోయినందుకు బాధపడిందో లేదో కానీ, ఆ పొయ్యి సంగతి ఏమైందా అని కంగారక్క ఇప్పటికీ అప్పుడప్పుడూ అనుకుంటుంది.

ఇంట్లోవాళ్ళకు ఆవిడంటే ప్రేమ లేకపోలేదు. మెత్తటి దిండు మీద ఎలాంటి ప్రేమ ఉంటుందో అలాంటి ప్రేమ. అవసరమైనప్పుడు గుద్దుకోవచ్చు. ఎవరికి ఏ చిరాకొచ్చినా "ఇదిగో, నువ్వు కంగారు పడి మమ్మల్ని కంగారు పెట్టకు" అనేస్తే సగం చిరాకు తీరిపోయేది. కొన్నేళ్ళ క్రితం ఆవిడే ఎవరికీ చెప్పకుండా ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. దీన్ని ఆందోళన అంటారనీ, ఇదీ జ్వరం లాంటి జబ్బేననీ, మందు ఉందనీ డాక్టరమ్మ చెబితే, తనకున్నది పిచ్చి కాదన్న సంతోషంతో గుమ్మం బయట నిలబడి కళ్ళు తుడుచుకుంది. మందు వాడాక తాళం దగ్గరికి ఒకే ఒక్కసారి వెనక్కి వచ్చేది. పక్కింటివాళ్ళు కుర్చీలు లోపల పెట్టుకున్నారు. ఇంట్లోవాళ్ళు మాత్రం, మందు వేసుకుంటోంది కాబట్టి పిచ్చి ఖాయమేనని తేల్చుకున్నారు. ఆ ఇంట్లో రోగి పదవి ఒక్కటే ఉండేది, అది ఆవిడకు జీవితాంతానికీ ఖరారైపోయింది.

ఆవిడ నెమ్మదిగా ఊపిరి పీల్చుకునే చోటు కొట్టు ఒక్కటే. అందుకు కారణం వాళ్ళ నాన్న పెట్టి వెళ్ళిన పద్ధతి. ఏ కిటికీ కూడా పైన ఉన్న వెడల్పే కింద ఉండదని ఆయన నమ్మకం, అది నిజం కూడా. అందుకని పైనా, నడుమా, కిందా టేపు పెట్టి చూడాలి. కొలిచినవాడు అంకె పైకి చెప్పాలి. కోసేవాళ్ళు అదే అంకె తిరిగి చెప్పాలి. అది విని కొలిచినవాడు "ఊఁ" అనాలి. ఆ "ఊఁ" పడ్డాకే కత్తెర కదలాలి. ఇలాంటి పద్ధతి ఏదైనా సరే తక్కినవాళ్ళకు చాదస్తంగా ఉంటుంది. కంగారక్కకు అది నీడపట్టు. తను పడే భయం తనకంటే ముందే ఎవరో పడి, దానికో ఏర్పాటు చేసి వెళ్ళారన్న ధైర్యం. తమ్ముడు మాట తక్కువ మనిషి. రోజు మొత్తం మీద అతను నోరు తెరిచి అన్నవాటిలో సగం ఆ "ఊఁ"లే.

అలాంటి తమ్ముడు ఎండలు మొదలయ్యే రోజుల్లో మారడం మొదలుపెట్టాడు.

ముందు పాటలు పాడాడు. తర్వాత కొట్టు బోర్డుకు తనే రంగు వేశాడు, మరుసటి రోజు ఇంకో రంగు వేశాడు. తెల్లవారకముందే కొట్టు తెరిచి కూర్చునేవాడు. దారిన పోయేవాణ్ణి పిలిచి, బస్సులన్నిటికీ పరదాలు కట్టే ఏర్పాటు గురించి చెప్పేవాడు. అది పూర్తి కాకముందే, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే పరదా వేసి ఎండను అమ్మే ఏర్పాటు గురించి చెప్పేవాడు. ఎండను ఎవరు కొంటారని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఈలోపు అతను వాళ్ళకేదో ఒకటి ఇస్తానని అనేవాడు. పక్క క్షౌరశాలలో కుర్చీ కుర్చీకీ ఒక పరదా. చెప్పులు కుట్టే ఆయనకు పరదాల గుడారం. సొంత మేనత్తకు ఇల్లంతా పట్టు పరదాలు. పుచ్చుకునే చేయి చాచినప్పుడు ఇచ్చేవాడి కళ్ళలోకి ఎవరు చూస్తారు? వీధి వీధంతా అతన్ని నెత్తిన పెట్టుకుంది.

ఒక రోజు వెనక గదిలోకి వచ్చి, "అక్కా, కోసుకో," అంటూ అంకెలు చెప్పడం మొదలుపెట్టాడు.

"టేపేదిరా?"

"టేపు భయమున్నవాళ్ళకి. నిన్న రోడ్డు మీద నిలబడి ఒక్క చూపు చూశా. వీధిలో కిటికీలన్నీ వచ్చేశాయి."

"వచ్చేశాయంటే? ఎక్కడికి?"

"బుర్రలోకి. నువ్వు కోస్తూ ఉండు, నేను చెబుతూ ఉంటా. ఆకాశానికి కూడా కుచ్చులు ఎన్ని పడతాయో చెప్పగలను, అడుగు కావాలంటే."

కంగారక్క అలవాటు ప్రకారం అంకె తిరిగి చెప్పి, "ఊఁ" కోసం ఆగింది. అది రాలేదు. తమ్ముడు అప్పటికే ఇంకో సంగతిలోకి, దాని పక్క సంగతిలోకి వెళ్ళిపోయాడు. ఆవిడ కత్తెర పట్టుకుని అలాగే నిలబడింది. భయం వేసింది. వేసిన మరుక్షణమే, నాకు భయం వేయనిదెప్పుడులే అని కూడా అనిపించింది. అదీ ఆవిడ అసలు కష్టం. అన్నిటికీ మోగే గంట ఇవాళ నిజంగా మంట చూసి మోగుతోందో, ఊరికే మోగుతోందో ఇంట్లోవాళ్ళకే కాదు, ఆవిడకూ తెలియడం లేదు.

మరదలు కూడా పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది. "వదినా, మీ తమ్ముడు రాత్రుళ్ళు పడుకోవడం లేదు."

"ఏమైనా బెంగ పెట్టుకున్నాడా?"

"బెంగా? పాటలు. పొద్దున్నే అలసట ఉంటుందేమో అని చూస్తే, నాకంటే తాజాగా ఉంటున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాతో ఇంత మాట్లాడింది లేదు. సంతోషపడాలో భయపడాలో తెలియట్లేదు."

"నువ్వు సంతోషపడమ్మా. భయపడటం నా ఖాతాలో వెయ్యి," అంది కంగారక్క. కానీ ఆ రోజు మరదలి ముఖంలో ఆవిడకు తన ముఖం కనపడింది.

ఇక మేనమామ సంగతి చెప్పుకోవాలి. ఆయన ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయింది కానీ రీడింగు తీసే అలవాటు పోలేదు. ఎవరి ముఖం కనపడితే వాళ్ళ లోపల ఏం తిరుగుతోందో చెప్పేసేవాడు. వైద్యం మీద ఆయనకున్న పట్టంతా, బజ్జీలు కట్టివ్వడానికి చింపిన పత్రికల నుంచి వచ్చింది. అందుకే ఏ జబ్బు గురించి చెప్పినా సగం దాకా చెప్పి ఆగిపోయేవాడు. తక్కిన సగం ఇంకెవరి పొట్లానికో వెళ్ళిపోయి ఉండేది. ఏం జరిగినా "నేను చెబుతూనే ఉన్నాను" అనేవాడు. ఇల్లు కాలినా అదే మాట, ఇల్లు కట్టినా అదే మాట.

మరదలు తన భర్త నిద్రపోవడం లేదన్న మాట చెవిన వేయగానే, మేనమామ కుర్చీ లాక్కుని కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. రీడింగు తీస్తున్నాడన్నమాట.

"నేను చెబుతూనే ఉన్నాను. వీడికి నిద్ర లేదు, దానికీ నిద్ర లేదు. వీడు గబగబా మాట్లాడతాడు, అది కంగారుపడితే అదీ గబగబానే. వీడు ఒకచోట కూర్చోడు, అది అసలే కూర్చోదు. ఒకే కడుపున పుట్టారు, ఒకే జబ్బు. ఉన్న మందు ఇద్దరికీ సరిపోతుంది. మళ్ళీ డాక్టరెందుకు?"

"నా మందు వేరే ఎవరికీ ఇవ్వొద్దని డాక్టరమ్మ చెప్పింది మామయ్యా," అంది కంగారక్క.

"అలా చెప్పకపోతే వాళ్ళకు గిరాకీ ఎలాగే? చొక్కా పంచుకున్నారు, కంచం పంచుకున్నారు, మాత్ర పంచుకోలేరా?"

ఇలా అని మాత్రల పట్టీని అడ్డంగా కత్తిరించి, సగం మేనల్లుడి జేబులో పెట్టాడు. కత్తెర మాత్రం కొట్టులోదే, మంచి పదునైనది. కంగారక్క మిగిలిన సగం పట్టీని తీసి దాచుకుంది. ఎదుటివాడు గొంతు పెంచితే తప్పు తనదేనేమోనని సందేహపడే జబ్బు కూడా ఆవిడకుంది, దానికింకా మందు రాలేదు. తమ్ముడు ఆ మాత్రలు సంతోషంగా మింగాడు. ఆ రోజుల్లో ఎవరేమిచ్చినా సంతోషంగానే మింగేవాడు. అప్పటి దాకా పాటలే, ఆ మాత్రలు పడ్డాక డప్పు కూడా కలిసింది. మాట మాటను తోసుకుంటూ, ఒకదాని కాలు ఇంకోటి తొక్కుతూ వచ్చేది. వినేవాళ్ళకు ఆయాసం వచ్చేది కానీ చెప్పేవాడికి రాలేదు. "మందు పనిచేస్తోంది, చూశారా," అన్నాడు మేనమామ.

సరిగ్గా అప్పుడే ఒక బడి వాళ్ళ సభామందిరానికి వేదిక పరదా కుట్టే పని వచ్చింది. బరువైన ఎర్ర మఖమలు. కొలతకు అక్కా తమ్ముడూ కలిసి వెళ్ళారు. వేదిక మీద, ఎత్తున, ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక ఇనుప దూలం ఉంది. పరదా దానికే వేలాడాలి. తమ్ముడు నిచ్చెన ఎక్కాడు. టేపు కంగారక్క చేతిలోనే ఉంది. "ఒరేయ్, టేపు తీసుకో," అని ఆవిడ చెయ్యి చాచేలోపు, అతను నిచ్చెన వదిలేసి దూలం మీదికి అడుగు వేశాడు. రెండు చేతులూ చాపుకుని, పొద్దున్నే పార్కులో నడిచినట్టు నడుచుకుంటూ మధ్యదాకా వెళ్ళి నిలబడ్డాడు.

కింద కాపలా ఆయన చప్పట్లు కొట్టాడు. సర్కసుకు డబ్బులిచ్చి వెళ్ళేవాళ్ళుండగా ఇక్కడ ఊరికే చూస్తున్నందుకు ఆయన ఆనందం ఆయనది.

"దిగరా. నాన్నా, దిగు," అంది కంగారక్క.

"అక్కా, ఇక్కణ్ణించి చూస్తే నీ కంగారు ఎంత చిన్నదో తెలుసా. ఇదిగో, ఇంత." వేళ్ళతో చూపించాడు. "పరదా కట్టే రోజు కూలీలెవరూ వద్దు. మఖమలు భుజాన వేసుకుని నేనే నడుచుకుంటూ వచ్చి కట్టేస్తా. అందరూ చూడాలి."

ఆవిడ అతని ముఖం వైపు చూసింది. ధైర్యవంతుల ముఖం ఆవిడకు తెలుసు. నిప్పులార్పేవాళ్ళను చూసింది, కరెంటు స్తంభం ఎక్కేవాళ్ళను చూసింది. వాళ్ళ కళ్ళలో ఓ మూల భయం కుదురుగా కూర్చుని ఉంటుంది, వాళ్ళు దాని పక్కనుంచి దాటుకుని పనిచేస్తారు. తమ్ముడి కళ్ళలో దాటడానికి ఏమీ లేదు. భయం ఉండే గదినే ఎవరో ఖాళీ చేసి తలుపులు తీసి వెళ్ళిపోయినట్టుంది.

కాసేపటికి అతను దిగాడు. అక్క పిలిచినందుకు కాదు, ఇంకో ఆలోచన వచ్చినందుకు దిగాడు. అది రాకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటూ కంగారక్క వేదిక మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. ఆ రోజు ఒక నిర్ణయానికి వచ్చింది. నా గంట దొంగ గంటే కావచ్చు, కానీ ఇప్పుడు మంట నిజం. పరదా కట్టే రోజుకు ముందే వీణ్ణి డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టాలి.

ఇంటికి వచ్చి అందరి ముందూ దూలం సంగతి చెప్పింది. మేనమామ, మేనత్త, మరదలు విన్నారు. తమ్ముడు కూడా విన్నాడు, నవ్వుతూ.

"పిల్లాడు నాలుగు రోజులు నవ్వుతూ తిరిగితే ఓర్వలేకపోతున్నావేమే?" అంది మేనత్త. ఆవిడ పట్టు పరదాలకు అప్పటికే రంగు ఎంచుకుని ఉంది.

"నేను చెబుతూనే ఉన్నాను," అన్నాడు మేనమామ. "జబ్బు వీడికి తగ్గింది, నీకు ముదిరింది. కళ్ళెదురుగా మనిషి బాగుపడుతుంటే నీకు దూలాలు కనపడుతున్నాయి. రేపే నిన్ను డాక్టరమ్మకు చూపించాలి."

"చూపించండి మామయ్యా," అంది కంగారక్క, ఎప్పుడూ లేనంత త్వరగా.

"ఒంటరిగా పంపకూడదు, దారిలో తాళం గుర్తొస్తే వెనక్కి వచ్చేస్తుంది. తోడెవరు వెళ్తారు?"

"నేనున్నానుగా," అన్నాడు తమ్ముడు. "అక్కకు ధైర్యం ఎలా ఉండాలో డాక్టరుకు నేనే చెబుతా. పాపం, ఆవిడకూ ఎవరైనా చెప్పాలి కదా."

మేనమామ అతని భుజం తట్టాడు. ఇంతమంది తెలివైనవాళ్ళు కలిసి కూర్చుంటే గానీ రోగిని తోడుగానూ, తోడును రోగిగానూ పంపడం కుదరదు. మరదలు మాత్రం తనూ వస్తానని చెప్పులు వేసుకుంది.

డాక్టరమ్మ దగ్గర రోగులు కూర్చునే గదిలో తమ్ముడు కుర్చీలన్నీ గుండ్రంగా జరిపించాడు. ఎవరి కష్టం వాళ్ళు దాచుకోకుండా పక్కవాళ్ళకు చెప్పుకోవాలన్నాడు. రోగం ఎవరికీ చెప్పుకోకూడదనే అంత దూరం వచ్చి కూర్చున్నవాళ్ళు నేల చూపులు చూశారు. లోపలికి పిలుపు వచ్చాక, అక్క కంటే ముందు తనే వెళ్ళి కూర్చున్నాడు.

"నా కంగారు ఎక్కువైందని మావాళ్ళు పంపారండీ," అని కంగారక్క మొదలుపెట్టింది. అంతే, మిగతాది తమ్ముడు అందుకున్నాడు. అక్క గురించి చెప్పాడు, ధైర్యం గురించి చెప్పాడు, ఆ గది కిటికీకి ఏ రంగు పరదా వేస్తే రోగులు సగం ధరకే నయమైపోతారో చెప్పాడు, బస్సులు, ఎండ, ఆకాశం అన్నీ అయ్యాయి. డాక్టరమ్మ అడ్డు చెప్పలేదు. కాసేపు విన్నాక కలం మూసి పక్కన పెట్టి, కుర్చీ కొద్దిగా అతని వైపు తిప్పుకుంది. ఆ కుర్చీ తిరగడం చూసి కంగారక్క ఒళ్ళో బిగించుకున్న చేతులు వదులయ్యాయి.

"మీరు నిద్రపోతున్నారా?" అని డాక్టరమ్మ అతన్ని అడిగింది.

"నిద్ర అవసరం లేదండీ ఇప్పుడు."

"మరి పొద్దున అలసట?"

"నా దగ్గరికి రావడానికి దానికే తీరిక దొరకట్లేదు."

"మీకమ్మా? నిద్ర పట్టకపోతే?"

"పొద్దున్నే ఎవరో తొక్కి వెళ్ళినట్టుంటుందండీ," అంది కంగారక్క. తర్వాత దూలం సంగతి చెప్పింది.

"దాని మీద నడుస్తుంటే పడతానేమో అనిపించలేదా?"

"నేనా? నేను పడనండీ," అన్నాడు తమ్ముడు. తన పేరు చెప్పినంత మామూలుగా అన్నాడు.

ఏమైనా మందులు వేసుకుంటున్నారా అని డాక్టరమ్మ అడిగింది. అతని జేబులోంచి సగం పట్టీ బల్ల మీదికి వచ్చింది.

"ఇవి అక్కవి కదా, మీకెవరు ఇచ్చారు?"

"మా మామయ్య."

"ఆయన డాక్టరా?"

"కాదండీ," అంది మరదలు మెల్లగా. "బజ్జీలు తింటారు. ఆ కాగితాలు చదువుతారు."

డాక్టరమ్మ ఆ పట్టీని సొరుగులో వేసి మూసింది. "పైకి చూస్తే మీ ఇద్దరిదీ ఒకటే అనిపిస్తుంది. నిద్ర లేదు, కుదురు లేదు, మాట వేగం. కానీ ఆవిడకు ఏదో జరిగిపోతుందని భయం. నిద్ర కావాలి, రాదు. ఆ భయం ఎక్కువని ఆవిడకే తెలుసు, తెలిసి సిగ్గుపడుతుంది. మీకు నిద్ర అక్కర్లేదు, ఏదీ జరగదని ధీమా. అది ఎక్కువని మీకు తెలియదు. ఆవిడ వేసిన తాళం వేశానా అని చూసుకునే మనిషి. మీరు తలుపులే ఊడదీసి వచ్చిన మనిషి. ఆవిడది ఆందోళన, మీది మేనియా, మనసు హద్దు దాటి పైకెక్కిపోయే జబ్బు. ఆవిడ మందు మీలాంటివాళ్ళకు పడితే మంట ఎగేసినట్టవుతుంది. మీరు కొన్నాళ్ళు ఇక్కడే ఉండాలి. మందు వేరే ఉంది."

తమ్ముడు నవ్వడం ఆపాడు. ఆ ఎండాకాలంలో అతను నవ్వు ఆపడం అదే మొదలు.

"నాకు జబ్బా? జీవితమంతా గడప దాటడానికి వణికిన మనిషి వచ్చి చెబితే నాకు జబ్బు అంటగడతారా? దీన్ని చేసుకుంటానని వచ్చింది ఒక్కడు. పొయ్యి పేరు చెప్పి పెళ్ళి చెడగొట్టుకుంది. దీని మాట వింటే నేను కూడా తాళం పట్టుకుని వేలాడాలి."

అతనన్న దానిలో అబద్ధమేమీ లేదు కాబట్టి కంగారక్కకు కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు దొరకలేదు. అతను లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. వెళ్ళిపోతే ఇక మఖమలు, దూలం, చప్పట్లు కొట్టే కాపలా ఆయన. ఆవిడ లేచి అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

"ఒప్పుకోవద్దురా. నీకేమీ లేదనే అనుకో. జబ్బు నాదే. నువ్వు బయట తిరుగుతుంటే నా గుండె ఆగిపోతోంది, ఇక్కడ ఉంటే కొట్టుకుంటుంది. నేనింతకు ముందెప్పుడూ ఏదీ అడగలేదు నిన్ను. నాకోసం ఉండు."

తమ్ముడు ఆలోచించాడు. మరీ ఎక్కువసేపు కాదు, ఆ రోజుల్లో అతను ఏదీ ఎక్కువసేపు ఆలోచించేవాడు కాదు. ముఖం మళ్ళీ వెలిగింది.

"నీకోసమా? ఆ ముక్క ముందు చెప్పొచ్చుగా. ఉంటా."

"రోగిగా మిమ్మల్నే చేర్చుకుంటున్నాను, మందులు మీరే వేసుకోవాలి. అది తెలుసుకునే ఉండండి," అంది డాక్టరమ్మ.

"మీరెలాగైనా అనుకోండి డాక్టరుగారూ. నేను మాత్రం మా అక్కకు తోడు," అన్నాడు తమ్ముడు. మంచం చూపించిన నర్సుకు కూడా అదే చెప్పాడు. అన్నాళ్ళూ ఊరంతా వెక్కిరించిన కంగారుకు, అతను ఒక్కడే మర్యాద ఇచ్చాడు. తలకెక్కిన ఆ గొప్పతనంలోనే ఇచ్చాడనుకోండి, ఇచ్చాడు కదా.

మఖమలు పరదాను బడివాళ్ళు పరంజా కట్టించి, కూలీల చేత కట్టించుకున్నారు. తమ్ముడు కొన్ని వారాలకు ఇంటికి వచ్చాడు. దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళి తలవంచుకుని పరదా తీస్తానన్నాడు. దంతవైద్యుడు ఒప్పుకోలేదు. దాని అర్థం తనకు ఈమధ్యే తెలిసిందన్నాడు.

మందుల వల్ల తమ్ముడికి అడుగు నెమ్మదించింది. పైకెక్కిన మనసు ఒక్కోసారి అంత లోతుకూ దిగుతుందనీ, కొంతకాలం కనిపెట్టి ఉండాలనీ, తిండీ నిద్రా తేడా వస్తే వెంటనే చెప్పాలనీ డాక్టరమ్మ చెప్పింది. కనిపెట్టి ఉండటం అంటే కంగారక్కకు ఒకరు నేర్పాలా? ఇన్నేళ్ళూ నిరుద్యోగిగా వీధులు పట్టి తిరిగిన ఆవిడ కంగారుకు చివరికి ఒక ఉద్యోగం దొరికింది.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ ఏదో ఒక కొరత ఉంది. క్షౌరశాల ఆయన కుర్చీకో పరదా సంగతి ఎక్కడిదాకా వచ్చిందని అడిగాడు. మేనత్త పట్టు మాటెత్తకుండా, పట్టు గురించి తప్ప ఇంకే విషయమూ మాట్లాడకుండా కూర్చుని వెళ్ళింది. ఆరోగ్యం ఎలా ఉందని అడిగినవాళ్ళు కూడా, జవాబు వినకుండా, అప్పుడు ఎంత బాగుండేవాడో అని నిట్టూర్చి లేచారు.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక మేనమామ కొట్టుకు వచ్చాడు. తమ్ముడు వెనక గదిలో, గుడ్డల తానుల పక్కన చాప మీద పడుకుని ఉన్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుని, చేయి ఒకటి చాప దాటి నేల మీద పడి ఉంది. కంగారక్క బల్ల దగ్గర అస్తరు మడతపెడుతోంది. మేనమామ గుమ్మంలోనే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"నేను చెబుతూనే ఉన్నాను, డాక్టర్ల దగ్గరికి వెళ్ళొద్దని. ఏం చేశావే వాణ్ణి? పాటలు పాడుకుంటూ, పదిమందికీ పెడుతూ, పులిలా తిరిగేవాడు. వాణ్ణి చూసి నేను వీధిలో తలెత్తుకు తిరిగాను. ఇప్పుడు చూడు, పట్టపగలు కొట్టు తెరిచి పెట్టుకుని గుర్రుపెడుతున్నాడు. పలకరిస్తే ఒక మాట, లేకపోతే అదీ లేదు. బంగారం లాంటి మనిషిని నీ కంగారుతో మొద్దులా చేసి పడేశావు."

కంగారక్క చేతిలో మడత పూర్తి చేసి, చాప వైపు ఒకసారి చూసి, చెప్పింది.

"వాడు నిద్రపోతున్నాడు మామయ్యా, కాస్త మెల్లగా తిట్టండి."